గుర్రాలు, మేడలు, నిరీక్షణ
అమీర్‌పేట దాటి బేగంపేటకు వెళ్లేవారికి కనిపించే పాయిగా ప్యాలెస్, స్పానిష్ మసీదు నవాబ్ వికారుల్ ఉమ్రా కట్టించినవే. నిజాముకు అశ్వదళాన్ని పోషించిన పాయిగా వంశం ఆయనది. 1884లో ముచ్చటపడి మొదలుపెట్టిన ఫలక్‌నుమా అప్పుల పాలు చేసింది. చివరికి దాన్ని నిజాముకే అప్పగించారు. ప్రధానమంత్రి పదవి 1901లో పోయింది, మరుసటి ఏడు ఆయన కన్నుమూశారు. మసీదు 1906లో గానీ పూర్తికాలేదు.

అయినా మేడ పోయిందని ఆయన కూలబడలేదు. బేగంపేటలో మళ్లీ పునాది వేశారు. మేము ఈ మాట జ్ఞాపకం చేయడానికి కారణముంది. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రం చచ్చి, అప్పుచేసి కొన్న రెండోదీ కుంటిదై, గుండె చెదిరినవారు మన మధ్య ఉండవచ్చు. అది వారి పాపఫలమని తీర్పు తీర్చవద్దు. యోబు స్నేహితులు చేసిన తప్పు అదే. పక్కన కూర్చుందాం, చేతనైనంత ఆదుకుందాం. గుర్రాన్ని నమ్ముకోవద్దని కీర్తనలు నేర్పాయి గానీ, గుర్రం పోయినవాణ్ణి విడిచిపెట్టమనలేదు.