రైలింజన్ల కర్మాగారానికి పేరు తెచ్చిన రాబర్ట్ స్టీఫెన్‌సన్

సచిన్ (సూరత్): సచిన్ మీదుగా సాగే సూరత్ రైలుమార్గం 1864లో బొంబాయిని చేరింది. తెలంగాణ నుంచి సూరత్ మగ్గాలను వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల వలసలకు రైలే ఊతమైంది. ఆ మార్గం తొలి దశ 1860లో అంక్లేశ్వర్ వద్ద ప్రారంభమయ్యే నాటికే, రైలింజన్ల తయారీని ఒక పరిశ్రమగా నిలబెట్టిన రాబర్ట్ స్టీఫెన్‌సన్ కన్నుమూశారు.

1803 అక్టోబరు 16న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ సమీపంలో ఆయన జన్మించారు. రెండేళ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయారు. తండ్రి జార్జ్ గనుల్లో యంత్రాలు నడిపే కార్మికుడు. తనకు దక్కని చదువు కొడుకుకు దక్కాలని బడికి పంపి, ఆ పాఠాలను తానూ నేర్చుకున్నారు.

1823లో తండ్రీకొడుకులు, మిత్రులు కలిసి న్యూకాజిల్‌లోని ఫోర్త్ స్ట్రీట్‌లో కర్మాగారం స్థాపించారు. కేవలం రైలింజన్ల కోసమే వెలసిన తొలి కర్మాగారం అదే. దానికి 19 ఏళ్ల రాబర్ట్ పేరే పెట్టారు. మరుసటి ఏడాది ఆయన కొలంబియా గనులకు వెళ్లి, 1827లో తిరిగివచ్చారు. ఆయన పర్యవేక్షణలో రూపొందిన 'రాకెట్' 1829లో రెయిన్‌హిల్ పోటీల్లో 500 పౌండ్ల బహుమతి గెలిచింది. బాయిలరులో ఒకే పెద్ద గొట్టానికి బదులు 25 రాగి గొట్టాలు అమర్చడంతో ఆవిరి వేగంగా పుట్టింది. ఈ సూచన హెన్రీ బూత్‌ది. అయినా లోకం ఆ కీర్తిని చాలాకాలం జార్జ్‌కే కట్టబెట్టింది.

1842లో మొదలైన 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' వంటి పత్రికలు కొత్త యంత్రాలను, వంతెనలను సామాన్యుల కళ్ల ముందుంచాయి. చిత్రాన్ని గట్టి చెక్క దిమ్మెలపై కుడిఎడమలు తారుమారుగా చెక్కి, పెద్దదైతే ముక్కలుగా పంచి పలువురు చెక్కి, తిరిగి బిగించి ముద్రించేవారు.

అవే పత్రికలు ఆయన వైఫల్యాన్నీ అచ్చువేశాయి. 1847 మే 24న చెస్టర్ వద్ద ఆయన రూపొందించిన డీ నది వంతెన కూలి ఐదుగురు మరణించారు. పట్టాలు తప్పిన బండి తాకిడికే దూలం విరిగిందని ఆయన వాదించారు. బలం చాలకనే విరిగిందని ప్రభుత్వ తనిఖీ అధికారి తేల్చారు. జ్యూరీ ప్రమాదవశాత్తు మరణాలుగా తీర్పిచ్చినా, పోత ఇనుప దూలాలపై సందేహం వెలిబుచ్చింది. దానిపై రాయల్ కమిషన్ ఏర్పడింది. 1850లో తెరుచుకున్న బ్రిటానియా వంతెనను ఆయన చేత ఇనుప రేకుల గొట్టాలతో కట్టారు.

భారత్‌తోనూ ఆయనకు బంధముంది. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణే వరకు 34 కిలోమీటర్లు తొలి ప్రయాణికుల రైలు నడిపిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేకు లండన్‌లో సలహా ఇంజినీరుగా వ్యవహరించారు. అక్కడ పనులు నడిపిన జేమ్స్ బెర్క్‌లీ ఆయన శిష్యుడే. ఆ రైలింజన్లు చేసిన వల్కన్ ఫౌండ్రీలో ఆయన గతంలో భాగస్వామి.

1842లో భార్య ఫ్రాన్సెస్ మరణించాక ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వారికి సంతానం లేదు. 1850లో నైట్ బిరుదును తిరస్కరించారు. 1859 అక్టోబరు 12న మరణించిన ఆయనను వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో థామస్ టెల్ఫోర్డ్ సమాధి పక్కనే ఖననం చేశారు. పెద్ద చదువు లేని తండ్రికి పాఠం చెప్పిన కొడుకు, ఒక కూలిన వంతెన నుంచి తన తరం ఇంజినీర్లందరికీ పాఠం మిగిల్చి వెళ్లారు.