ఈస్టును శుద్ధిపఱచిన హాన్సెన్

బెంగళూరునకు ఆగ్నేయమున సర్జాపుర మార్గమున నేడు బీరును అక్కడికక్కడనే తయారుచేసి విక్రయించు పానశాలలు వెలసినవి. ఆ ప్రక్రియను జూచినవారికి లేతపసుపు లాగరును ఇంటనే పులియబెట్టి చూడవలెనను కుతూహలము కలుగుట సహజము. మద్యపానపు మంచిచెడ్డల వివాదము వేఱు. ఆ పానీయపు రుచిని స్థిరపఱచిన శాస్త్రజ్ఞుని చరిత్రము మాత్రము విద్యావంతులెల్లరు నెఱుగదగినది. ఆతడు డెన్మార్కు దేశీయుడగు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్.

హాన్సెన్ 1842 మే 8వ తేదీన రీబె పట్టణమున బీదకుటుంబమున జన్మించెను. పిల్సెన్ నగరమున యోసెఫ్ గ్రోల్ మొట్టమొదటి లేతపసుపు లాగరును తయారుచేసినదియు ఆ సంవత్సరముననే. హాన్సెన్ యౌవనమున ఇండ్లకు రంగులు వేసి జీవించెను, పిల్లలకు చదువు చెప్పెను, కథలు వ్రాసెను. ముప్పదియేండ్లు సమీపించిన పిమ్మటగాని విశ్వవిద్యాలయమున ప్రవేశింపలేదు. అయినను 1876లో పేడపై మొలచు శిలీంధ్రములను గూర్చిన వ్యాసమునకు కోపన్‌హేగన్ విశ్వవిద్యాలయపు సువర్ణపతకమును గడించెను.

కార్ల్స్‌బర్గు కర్మాగారాధిపతి జె. సి. జాకబ్సెన్ 1845లో మ్యూనిక్ నుండి ఈస్టును డబ్బాలలో తెచ్చుచు, మజిలీ మజిలీకి చన్నీటితో చల్లార్చి కాపాడినవాడు. ఆయన 1875లో నెలకొల్పిన ప్రయోగశాలయందు, 1879లో హాన్సెన్ ఒక శాఖకు అధ్యక్షుడయ్యెను. బీరు చెడుటకు బాక్టీరియాలు కారణమని పాశ్చరు అదివఱకే చాటియుండెను. ఈస్టులోనే పలుజాతులు కలవనియు, అడవిజాతులు చొరబడి బీరును చేదెక్కించి కలకబఱచుననియు హాన్సెన్ కనుగొనెను. మన కల్లుకుండయే ఇందుకు దృష్టాంతము. గాలినుండియు కుండనుండియు చేరిన నానావిధ జీవులు ఉదయపు తీపిని సాయంకాలమునకు పులుపుగా మార్చును.

హాన్సెన్ ఈస్టును శుద్ధజలమున మిక్కిలి పలుచన చేసి, ఒక్కొక్క పాత్రకు ఒక్క కణమే చేరునట్లు యత్నించి, ఆ యొక్క కణపు సంతానమునే తోడుగా పెంచెను. జాకబ్సెన్ తొలుత సంశయించినను, 1883 నవంబరు 12వ తేదీన ఆ తోడుతో కార్ల్స్‌బర్గులో బీరు పులియబెట్టబడెను. ఫలితము సంశయమును తీర్చెను.

అటుపిమ్మట జరిగినది మఱింత గణనీయము. ఈస్టుపై హక్కు కోరుట నాటికి వింత గాదు. పాశ్చరునకు 1873లోనే అమెరికాలో అట్టి పేటెంటు లభించియుండెను. కార్ల్స్‌బర్గువారు తమ ఈస్టును దాచుకొనక, ప్రతిస్పర్ధులతో సహా కోరినవారికెల్ల నొసంగిరి, పద్ధతిని ప్రకటించిరి. స్వత్వమును నిలుపుకొనుటయే న్యాయమను మనబోటి న్యాయవాదులకు ఇది ఆలోచింపదగిన యుదాహరణము. ఆ యౌదార్యమువలన కార్ల్స్‌బర్గు నశింపలేదు, లాగరు లోకవ్యాప్తమయ్యెను.

నేటికిని విధానము హాన్సెన్ చూపినదే. మాల్టురసమును హాప్సుతో మరిగించి, చల్లార్చి, శుభ్రపఱచిన పాత్రలో శుద్ధమగు తోడు వేయవలెను. లాగరునకు సుమారు 10 డిగ్రీల చలువయు, తరువాత వారములతరబడి మఱింత చలువలో నిలువయు కావలెను. బెంగళూరి గదివేడిమి చాలనెక్కువ. ఈ ఈస్టు చలికోర్చు ఒక జాతికిని సాధారణపు ఈస్టునకును పుట్టిన సంకరమనియు, ఆ చలిజాతి పటగోనియా అడవులలో నున్నదనియు 2011లో వెల్లడియయ్యెను. అయితే 1965 నాటి కర్ణాటక అబ్కారీ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే బీరు తయారుచేయరాదని కుతూహలపరులు మఱువరాదు.

హాన్సెన్ 1909 ఆగస్టు 27వ తేదీన మరణించెను. రంగులు వేసిన ఆ చేతులు ఒక్క కణమును వేఱుపఱచి లోకమునకు ధారవోసినవి. విద్య పంచిన కొలది పెరుగునని మనము చిన్ననాట నేర్చిన మాటకు ఈస్టుకంటె మేలైన సాక్ష్యము దొరకదు.