బలమునకు లెక్క నేర్పిన సాండో

చేతులు లేని బనియనును మనవారు సాండో బనియనని పిలుతురు. ఆ పేరు ఒక మహా బలశాలిదని యెరిగిన బాలురు కొలదిమందియే. ఎవరు హెచ్చు బరువు నెత్తగలరను పందెములు విద్యార్థులలో తరచుగా జరుగుచుండుటచేత, ఆ పురుషుని చరిత్రమును సంగ్రహముగా దెలుప నుద్దేశించితిమి.

యూజిన్ సాండో 1867వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీని ప్రష్యాదేశమందలి కోనిగ్స్‌బర్గు పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రెడరిక్ విల్హెల్మ్ ముల్లర్. యౌవనమున స్వదేశమును విడిచి, బ్రస్సెల్సు నగరమున లూయీ డర్లాకర్ అను గురువు నాశ్రయించి, బరువులతో దేహమును సాధనచేయు విద్య నభ్యసించెను. ఈ గురువునే లోకము ప్రొఫెసర్ అటిల్లా యని పిలిచెడిది.

ఆ కాలమున లండనులో సాంసన్ అను మల్లుడు తానే లోకములో మిక్కిలి బలవంతుడనని చాటుకొనుచు, తన్ను గెలువుమని యెల్లరను సవాలు చేయుచుండెను. 1889 నవంబరు 2వ తేదీని రాయల్ అక్వేరియము అను నాట్యశాలలో సాండో వానిని జయించెను. ఒక్క రాత్రిలో పేరులేని యువకుడు లండను నగరమంతట ప్రసిద్ధుడయ్యెను. 1893లో అమెరికా కేగి, షికాగో మహాప్రదర్శన కాలమున జనులను ఆశ్చర్యపరచెను. మరుసటి సంవత్సరము ఎడిసనుగారి చలనచిత్ర యంత్రము ఆతని రూపమును బంధించెను.

రంగస్థలముపై సాండో యెత్తినవన్నియు అద్భుతమైన బరువులు. కాని 1897లో లండనున వ్యాయామ విద్యాలయమును స్థాపించి, బలసాధనమునుగూర్చి గ్రంథమును ప్రకటించినప్పుడు, సామాన్యులకు ఆతడు చేతికిచ్చినవి కొలది పౌనుల డంబెల్సు మాత్రమే. వయస్సును బట్టి ఏ బరువు పట్టవలెనో, దాని నెన్నిమారు లెత్తవలెనో, ఎన్ని దినముల కొకమారు హెచ్చింపవలెనో పట్టికలుగా వ్రాసి యిచ్చెను. తనవలె నొక్కసారి యెత్తి చూడుడని చెప్పక, లెక్కపెట్టి సాధన చేయుడని బోధించుటయే ఆతని గొప్పతనమని మేము తలంచుచున్నాము. 1901 సెప్టెంబరు 14వ తేదీని రాయల్ ఆల్బర్టు హాలులో ఆతడు జరిపిన దేహసౌష్ఠవ పోటీకి సుప్రసిద్ధ రచయిత కానన్ డాయిల్ ఒక న్యాయనిర్ణేతగా నుండెను. అందు కండల పరిమాణముకంటె అంగముల పొందికకే విలువ యెక్కువ. 1905 ప్రాంతమున సాండో మన దేశమునకును వచ్చి ప్రదర్శనము లిచ్చెను.

ఆతడు పట్టికలలో నుంచిన యీ లెక్క తరువాతివారి చేతిలో శాస్త్రమయ్యెను. 1945లో డిలార్మ్ అను అమెరికా సైనిక వైద్యుడు, గాయపడిన సైనికులకు వ్యాయామ చికిత్స చేయుచు, పది మారులు ఎత్తగలిగి పదునొకండవమారు ఎత్తజాలని బరువును ప్రమాణముగా గైకొనెను. అటుపిమ్మట, ఒక్కసారి మాత్రమే యెత్తగల గరిష్ఠ భారమును, దాని నెత్తకయే ఊహించు సూత్రములు పుట్టెను. 1985 నాటి ఎప్లీ సూత్రము ప్రకారము, ఎత్తిన మారుల సంఖ్యను 30చే భాగించి, వచ్చినదానికి 1 కలిపి, బరువుచే గుణింపవలెను. 30 కిలోలను పది మారు లెత్తిన బాలుని గరిష్ఠ భారము 40 కిలోలగును. 1993 నాటి బ్రిజికీ సూత్రమున బరువును 36చే గుణించి, 37లో నుండి మారుల సంఖ్యను తీసివేయగా మిగిలినదానిచే భాగింపవలెను. దానిని బట్టియు 40 కిలోలే వచ్చును. ఆ బరువునే ఇరువది మారు లెత్తినచో మొదటి సూత్రము 50 అనియు, రెండవది 63కు పైగా ననియు చెప్పును. కావున పది మారులకు మించిన లెక్కను నమ్మరాదు. పది మారులలోపు లెక్కయు అంచనాయే గాని కొలత కాదు.

సాండో 1925 అక్టోబరు 14వ తేదీని తన 58వ యేట మరణించెను. గోతిలో దిగబడిన మోటారుకారును ఒంటరిగా నెత్తుటచేత ఆతని దేహము చెడినదని యొక కథ లోకమున వ్యాపించెను. దానికి తిరుగులేని సాక్ష్యము లేదు. లండను పుట్నీవేల్ శ్మశానములో ఆతని సమాధిపై బహుకాలము పేరైనను లేకుండెను.

ఒక్కసారి యెత్తిన బరువునకు చప్పట్లు వెంటనే మ్రోగును; పదిమారులు సరిగా నెత్తి, పుస్తకమున వ్రాసికొని, మరునెలలో మరికొంత హెచ్చించువానిని చూచువా రుండరు. అయినను వెన్నెముకకు గాని కీళ్లకు గాని హాని కలుగకుండ బలము పెంచుకొను మార్గ మిదియే. పందెమునకు పిలిచిన మిత్రునికి మా విద్యార్థులు ఈ లెక్కను చూపి, గరిష్ఠ భారమును భుజములపై గాక కాగితముపై తేల్చుకొందురు గాక.