ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ : అడవిని గ్రంథముగా చదివిన మహనీయుడు

గ్రంథాలయమే కళాశాలగా, అరణ్యమే ప్రయోగశాలగా చేసికొని ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన ఒక పేదవాని చరిత్రము ఇది. వాలెస్ పేరు వినగానే పలువురికి డార్విన్ స్ఫురించును. జీవజాతులు కాలక్రమమున ఎట్లు మార్పు చెందునో వివరించు సిద్ధాంతమును ఈ ఇరువురును వేరువేరుగా కనుగొనిరి. ఆ సంగతి పెక్కు పుస్తకములందు కలదు. వేడి దేశములందలి మహారణ్యములను నరికి సాగులోనికి తెచ్చినచో అందలి మృగపక్షులకు ఏ గతి పట్టునో ఈయన తన అనుభవమున ఎట్లు గ్రహించెనో చెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వాలెస్ 1823వ సంవత్సరము జనవరి 8వ తేదీన వేల్సు దేశమందలి అస్క్ పట్టణ సమీపమున జన్మించెను. తండ్రి న్యాయశాస్త్రము చదివియు ఆ వృత్తిని అవలంబింపలేదు; ఉన్న ఆస్తి వ్యాపారములలో కరగిపోయెను. కొంతకాలము ఆయన హెర్ట్‌ఫర్డ్ పట్టణ గ్రంథాలయమున గ్రంథపాలకుడుగా పనిచేసెను. బాలుడైన ఆల్ఫ్రెడ్ తీరిక దొరికినప్పుడెల్ల అచ్చటికి పోయి, ఒక మూల కూర్చుండి చదువుకొనెడివాడు. 14 ఏండ్ల ప్రాయముననే బడిచదువు ముగిసెను. పిమ్మట అన్నగారైన విలియం వద్ద భూముల సర్వే పని నేర్చుకొని, గొలుసు చేతబట్టి పల్లెపల్లెయు తిరిగెను. ఊరివారందరి పశువులు మేయు ఉమ్మడి బీళ్లను కొలిచి, కంచెలు వేసి, భూస్వాముల వశము చేయు చట్టములు ఆ కాలమున అచ్చట అమలులో ఉండెను. అది పేదలకు జరిగిన అన్యాయమని వాలెస్ తరువాతి కాలమున వ్రాసెను. భూమిని కొలుచుచు తిరుగునప్పుడే త్రోవప్రక్కన పూచిన మొక్కల పేర్లు తెలిసికొనవలెనను కోరిక ఆయనకు కలిగెను. చవకవెలకు దొరకిన ఒక చిన్న వృక్షశాస్త్ర పుస్తకమే అందులకు తొలి గురువయ్యెను.

1844లో లీస్టర్ పట్టణమున ఉపాధ్యాయుడుగా కుదిరెను. అచ్చటి గ్రంథాలయమున గడపిన గంటలు ఆయన జీవితమునే మలుపు త్రిప్పెను. జనాభా పెరుగుదలను గూర్చి మాల్థస్ వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమును ఆ రోజులలోనే చదివెను. పురుగులను సేకరించు హెన్రీ వాల్టర్ బేట్స్ అను యువకునితో స్నేహమును ఆ ఊరనే కలిగెను. ఇరువురును పేదలే. దూరదేశపు అడవులలోనికి పోయి, పక్షులను, సీతాకోకచిలుకలను, పురుగులను పట్టి, లండనుకు పంపి అమ్ముకొని జీవింపవచ్చునని వారు తలచిరి.

1848లో ఇరువురును ఓడనెక్కి బ్రెజిల్ దేశమునకు చేరిరి. వాలెస్ నాలుగు సంవత్సరములు అమెజాన్, రియో నెగ్రో నదుల వెంబడి సంచరించెను. తోడుగా వచ్చిన తమ్ముడు హెర్బర్ట్ 1851లో పచ్చజ్వరముచే మరణించెను. 1852 ఆగస్టులో ఇంటికి మరలుచుండగా నడిసముద్రమున ఓడకు నిప్పంటుకొని, సేకరించిన వస్తువులలో అధికభాగము దగ్ధమయ్యెను. పది దినములు చిన్న పడవలో తేలియాడి ప్రాణములతో బయటపడెను. ఇంత నష్టములోను ఒక సత్యము ఆయన మనసున నిలిచియుండెను. అమెజాన్ ప్రాంతమున నదికి ఈవలి గట్టున నివసించు కోతిజాతి ఆవలి గట్టున కానరాదు. అచ్చట వేరొక జాతి యుండును. అనగా అడవిజీవికి అడవియంతయు ఇల్లు కాదు. దానికంటూ హద్దులు గల ఒక తావు కలదు. ఆ తావు పోయినచో మరియొక చోట దానికి నిలువ నీడ లేదు.

వాలెస్ అధైర్యపడలేదు. 1854లో సింగపూరు చేరి, మలయా ద్వీపములలో ఎనిమిది సంవత్సరములు తిరిగెను. సుమారు 14,000 మైళ్ల ప్రయాణమున 1,25,660 నమూనాలను సేకరించెను. 1855లో బోర్నియో ద్వీపమందలి సరవాక్ రాజ్యమున, సిముంజోన్ అను చోట విడిసెను. బొగ్గుగని కొరకును, రైలుదారి కొరకును అచ్చట అప్పుడే అడవిని నరకుచుండిరి. కూలిన మ్రానుల బెరడులలో అసంఖ్యాకముగా పురుగులు చేరెను. పురుగు ఒక్కింటికి ఒక సెంటు చొప్పున ఇత్తునని ప్రకటింపగా, దయాక్కులును, చీనా కూలీలును మూటలు కట్టి తెచ్చిరి. బోర్నియోలో ఆయనకు దొరకిన సుమారు 2,000 జాతుల పెంకుపురుగులలో నూరు తప్ప తక్కినవన్నియు చదరపు మైలుకు మించని ఆ చోటనే దొరకెను. గొడ్డలి దెబ్బ ఆయనకు లాభమునే తెచ్చిపెట్టెను. కాని చదరపు మైలు నేలలో అన్ని జాతులున్నచో, అంత అడవి పోయినప్పుడు ఎన్ని ఇండ్లు కూలునో ఆ లెక్కయే చెప్పుచున్నది.

సిముంజోన్‌కు వాలెస్ వచ్చినది ముఖ్యముగా ఒరంగుటాన్ కొరకు. మలయు భాషలో ఆ మాటకు అడవి మనిషి యని అర్థము. ఎర్రని జూలుతో, మనిషిని పోలిన ముఖముతో చెట్లపైననే జీవితమంతయు గడపు ఈ వానరములను 15కు పైగా ఆయన తుపాకితో కూల్చెను. వాని చర్మములను, ఎముకలను అమ్మెను. అది ఆయన జీవనోపాధి. ఒకనాడు కూలిన తల్లి ప్రక్కన బురదలో జానెడంత పిల్ల కనబడెను. దానిని ఇంటికి తెచ్చి పెంచెను. పాలు దొరకకపోవుటచే గంజినీరు పట్టెను. తల్లి వెంట్రుకలు పట్టుకొని వ్రేలాడు అలవాటు దానికుండుటచే ఎనుబోతు తోలుతో బొమ్మతల్లిని చేసిపెట్టెను. ఆడుకొనుటకు ఒక కోతిపిల్లను తోడిచ్చెను. ఎంత ఉపచరించినను ఇంచుమించు మూడు నెలలకే అది జబ్బుపడి చనిపోయెను. తల్లియు, అడవియు లేని పిల్లను మనుజుని దయ బ్రదికింపలేకపోయెను.

ఆ జంతువు నడవడిని వాలెస్ శ్రద్ధగా గమనించెను. అది కొమ్మనుండి కొమ్మకు తొందరపాటు లేకుండ సాగిపోవును. నేలకు దిగుట అరుదు. రాత్రికి ఆకులతోను కొమ్మలతోను పడక కట్టుకొనును. కావున ఎడతెగక వ్యాపించిన ఎత్తైన అడవి ఉన్నచోటనే అది సుఖముగా జీవింపగలదని ఆయన వ్రాసెను. 1857లో ఆరూ ద్వీపములందు అపూర్వ సౌందర్యము గల స్వర్గపక్షిని చూచినప్పుడు ఆయన ఆలోచన మరింత లోతునకు పోయెను. నాగరికుడు ఈ అడవులలోనికి వచ్చినచో ప్రకృతి యొక్క పొందిక చెడి, ఏ అందమును తానొక్కడే మెచ్చగలడో ఆ అందమునే నశింపజేయునని బాధపడెను. ప్రాణులన్నియు మనుజుని కొరకే పుట్టలేదని నిశ్చయించెను.

1858లో చలిజ్వరముతో మంచమున పడియున్నప్పుడు, లీస్టరున చదివిన మాల్థస్ గ్రంథము జ్ఞప్తికి వచ్చి, ప్రకృతి వరణ సిద్ధాంతము ఆయనకు తట్టెను. ఆ వ్యాసమును డార్విన్‌కు పంపగా, అదే సంవత్సరము జులై 1వ తేదీన ఇరువురి రచనలును లండనులో ఒక్క సభయందే చదువబడెను. 1862లో స్వదేశము చేరిన పిదప, మరుసటి యేట భూగోళ పరిషత్తున చదివిన వ్యాసమున చక్కని పోలికను చెప్పెను. భూమి చరిత్రము ఒక గ్రంథమైనచో ఒక్కొక్క జీవజాతి అందలి ఒక్కొక్క అక్షరము. అక్షరములు మాసిపోయినకొలది గ్రంథము చదువరాకుండ పోవును. సాగు విస్తరించినకొలది ఈ నష్టము తప్పదు గనుక ఇప్పుడే మేల్కొనవలెనని ఆ వ్యాసము యొక్క సారాంశము.

1880లో ప్రకటించిన ద్వీపజీవనమను గ్రంథమున సెయింట్ హెలీనా ద్వీపపు కథను వివరించెను. 16వ శతాబ్ది ప్రారంభమున కనుగొనబడినప్పుడు ఆ దీవి చెట్లతో నిండియుండెను. 1513లో అచ్చట విడిచిన మేకలు మందలుగా పెరిగి మొలకనెల్ల మేసివేసెను. వంటచెరకునకు, తోళ్లు ఊనుటకు పెద్ద చెట్లు నరకబడెను. నీడ పోయిన వాలులపై వానలు పడి మన్ను కొట్టుకొనిపోగా రాయి మిగిలెను. అచ్చటనే పుట్టిన నత్తజాతులు పెక్కింటికి మట్టిలోని గుల్లలు మాత్రమే సాక్ష్యములైనవి. సింహళమున కాఫీ తోటలకై కొండ అడవులను విస్తారముగా నరకుచుండిన కాలమది. వేడి దేశములందు అడవి పోయినచో భారీవర్షములు సారవంతమైన మట్టిని కడిగివేయునను హెచ్చరికను వాలెస్ తన రచనలలో పలుమారు చేసెను.

అంతమాత్రమున ఆయన సేద్యమునకు విరోధి కాడు. భూమి భూస్వాముల సొత్తుగా కాక జాతి సొత్తుగా ఉండి, దున్నువానికి దక్కవలెనని 1881లో స్థాపింపబడిన సంఘమునకు అధ్యక్షుడై చిరకాలము పాటుపడెను. 1913 నవంబరు 7వ తేదీన, 90వ యేట, బ్రాడ్‌స్టోన్ గ్రామమున కన్నుమూసెను. రాయిగా మారిన ఒక పురాతన వృక్షకాండమును ఆయన సమాధిపై నిలిపిరి.

వాలెస్ అమెజానునకు బయలుదేరిన 1848లోనే, ఆఫ్రికా జాతికి చెందిన నాలుగు ఆయిల్‌పామ్ మొక్కలను జావా ద్వీపమున బొగోర్ ఉద్యానవనమందు నాటిరి. ఆ సంగతి అప్పుడెవ్వరును పట్టించుకొనలేదు. 1911లో సుమత్రాలో పెద్ద తోటలు వెలసెను. నేడు ఇండోనేషియా, మలేషియా దేశములు ప్రపంచపు పామాయిల్‌లో నూటికి ఎనుబది పాళ్లకు పైగా ఇచ్చుచున్నవి. ఆ తోటలలో పెక్కు పల్లపు అడవులను నరికి వేసినవి. ఒరంగుటానునకు కావలసినవియు ఆ పల్లపు అడవులే. వరి కొరకును ఇట్టి పని జరిగెను. 1996లో బోర్నియో దక్షిణభాగమున చిత్తడి అడవులను పది లక్షల హెక్టార్ల మేర వరిపొలములుగా మార్చు పథకమును ఇండోనేషియా ప్రభుత్వము ఆరంభించెను. వేల కిలోమీటర్ల కాలువలు త్రవ్వి నీరు తీసివేసిరి. వేల ఏండ్లుగా ఆకులలములు పేరుకొని ఏర్పడిన ఆ నేల ఎండి, 1997లో నెలల తరబడి మండెను. వరి సరిగా పండలేదు. 1999లో పథకము విరమింపబడెను. అడవి మాత్రము మరలిరాలేదు. 1999 మొదలు 2015 వరకు బోర్నియోలో లక్షకు పైగా ఒరంగుటానులు తగ్గిపోయినట్లు శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. అడవి నరుకుటతోపాటు వేటయు అందుకు కారణమే. తోటలలోనికి వచ్చినవానిని చంపుటయు కలదు. ఆడ ఒరంగుటాన్ ఏడెనిమిది సంవత్సరములకు ఒక్క పిల్లనే కనును. కావున పోయిన సంఖ్య త్వరగా పూరింపబడదు. 2016లో ఆ జాతి అంతరించుటకు అతిచేరువలో నున్నదని ప్రకటింపబడెను.

ఈ కథకును మన వంటిండ్లకును సంబంధము లేకపోలేదు. ఇటీవలి సంవత్సరములలో పామాయిల్‌ను అత్యధికముగా దిగుమతి చేసికొను దేశము మనదే. ఏలూరు ప్రాంతపు రైతులును ఆ పంటను పండించుచున్నారు. పెదవేగిలో దానికి పరిశోధనా సంస్థ కూడ కలదు. అచ్చట చాలవరకు పూర్వమే సాగులో నున్న పొలములలో నీరు పెట్టి పెంచుచున్నారు. ఎకరమునకు ఈ చెట్టు ఇచ్చునంత నూనె వేరొక పంట ఇయ్యదు. దానిని నిందించి ప్రయోజనము లేదు. ఏ నేలలో నాటితిమి, అందుకొరకు దేనిని నరికితిమి అనునదే విచారింపదగిన ప్రశ్న. దున్నిన నేలనే బాగుగా పండించుకొని, దున్నని అడవిని ముక్కలు కానీయకుండ కాపాడుట మనకు సాధ్యమగు పని.

మన గ్రంథాలయమున పుస్తకము చినిగినచో మరియొక ప్రతిని తెప్పించుకొనవచ్చును. వాలెస్ చెప్పిన ఆ గ్రంథమునకు రెండవ ప్రతి లేదు. చందా కట్టి పుస్తకములను కాపాడుకొనుచు 25 సంవత్సరములు గడపిన మన పాఠకులకు ఈ మాట సులభముగా బోధపడును.