శ్రీహర్షుని జీవితము - రత్నావళిలోని మాయాగ్ని

స్థాణ్వీశ్వరమును పాలించిన ప్రభాకరవర్ధనునికి, యశోమతీదేవికి ద్వితీయపుత్రుడుగా హర్షవర్ధనుడు క్రీ.శ. 590 ప్రాంతంలో జన్మించినాడు. అన్న రాజ్యవర్ధనుడు, చెల్లెలు రాజ్యశ్రీ. నైషధకర్తయై, శ్రీనాథుని మూలమున తెలుగువారికి చిరపరిచితుడైన శ్రీహర్షుడు వేరు, ఈ శ్రీహర్షుడు వేరు. ఇరువురి నడుమ అయిదు శతాబ్దులకు పైబడిన అంతరమున్నది. ఈతడు చక్రవర్తి. రత్నావళి, ప్రియదర్శిక అను నాటికలకు, నాగానందమను నాటకమునకు కర్త. నాగానందమును వేదము వేంకటరాయశాస్త్రిగారు తెనిగించినారు. మూడింటిలోను ఆలంకారికుల మన్నన అధికముగా పొందినది రత్నావళి. ధనంజయుని దశరూపకమునకు ధనికుడు వ్రాసిన వ్యాఖ్యను చదివినవారికి ఆ మన్నన ఎంతటిదో తెలియును. సంధ్యంగములకు లక్ష్యము కావలసి వచ్చినప్పుడెల్ల అతని చేయి రత్నావళి మీదికే పోయినది.

హర్షుని యౌవనారంభమును గూర్చి మనకు తెలిసినదంతయు బాణభట్టు హర్షచరితము వలననే. హూణులపై దండెత్తిన అన్నగారి వెంట కొంతదూరము పోయి, హిమవత్పాదములలో వేటాడుచున్న హర్షునికి తండ్రి దాహజ్వరపీడితుడైనట్లు వార్త వచ్చినది. నిద్రాహారములు మాని అతడు రాజధాని చేరునప్పటికి వైద్యులు ఆశ వదలుకొన్నారు. రాజకుటుంబముతో కలిసి పెరిగిన రసాయనుడను పదునెనిమిదేండ్ల వైద్యకుమారుడు ప్రభువు బ్రతుకడని గ్రహించి అగ్నిప్రవేశము చేసినాడు. భర్త ఇంకను కొనఊపిరితో ఉండగనే యశోమతి సువాసినిగా మరణింపదలచినది. కుమారుడు పాదములపై బడి వారించినను వినక, సరస్వతీతీరమునకు నడచిపోయి చితి చొచ్చినది. అనంతరమే తండ్రియు గతించినాడు. అప్పటికి హర్షుడు బాల్యమును దాటి ఎంతో కాలము కాలేదు.

యుద్ధమునుండి గాయములతో మరలివచ్చిన రాజ్యవర్ధనుడు రాజ్యము తమ్మునికిచ్చి తపోవనమునకు పోదలచియుండగా మరియొక పిడుగు పడినది. రాజ్యశ్రీ భర్తయైన మౌఖరి గ్రహవర్మను మాళవరాజు చంపి, ఆమె కాళ్లకు ఇనుపసంకెళ్లు వేసి కన్యాకుబ్జమున చెరసాలలో ఉంచినాడన్న వార్త అది. రాజ్యవర్ధనుడు పదివేల గుఱ్ఱపుదళముతో పోయి మాళవసేనను జయించినాడు గాని, గౌడాధిపుని మాటలు నమ్మి, నిరాయుధుడై అతని ఇంటనే ప్రాణములు కోల్పోయినాడు. క్రీ.శ. 628 నాటి బాంస్‌ఖేడా తామ్రశాసనములో హర్షుడు అన్నగారిని స్మరించుచు, సత్యమునకు కట్టుబడి శత్రుగృహమున ప్రాణములు విడిచినవాడని చెప్పుకొన్నాడు. ఇరువది రెండేండ్లు గడచినను ఆ గాయము మానలేదు.

చెరనుండి బయటపడిన రాజ్యశ్రీ వింధ్యాటవిలో ప్రవేశించినది. శబరయువకుడు నిర్ఘాతుడు, గ్రహవర్మకు బాల్యమిత్రుడైన బౌద్ధభిక్షువు దివాకరమిత్రుడు తోడురాగా హర్షుడు అడవిని గాలించి, చెల్లెలు చితి చొరబోవుచున్న క్షణమున చేరుకొని ఆమెను దక్కించుకొన్నాడు. హర్షచరితము దాదాపు ఇక్కడనే ఆగిపోవును. తల్లిని ఆపలేకపోయినవాడు చెల్లెలిని ఆపగలిగినాడు. ఆ రెండు ఘట్టములకు నడుమ గడచినది స్వల్పకాలమే.

క్రీ.శ. 606లో మొదలైన అతని పాలన నలుబదేండ్లకు పైగా సాగినది. రాజధాని కన్యాకుబ్జమునకు మారినది. ఉత్తరాపథమున అతనికి ఎదురు నిలిచినవారు అరుదు. దక్షిణమున మాత్రము బాదామి చాళుక్యుడు రెండవ పులకేశి అతనిని నిలువరించినాడు. క్రీ.శ. 634-35 నాటి ఐహోళె శాసనములో రవికీర్తి హర్షుని పేరుపైననే శ్లేష కట్టి ఆ పరాజయమును పరిహసించినాడు. ఆ పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడే వేంగిలో తూర్పుచాళుక్య వంశమును నెలకొల్పినవాడు.

ఈ రాజ్యభారము నడుమ నాటికలు వ్రాయుటకు అతనికి తీరికెక్కడిదన్న శంక పూర్వులకే కలిగినది. కావ్యము ధనము నిచ్చుననుటకు మమ్మటుడు శ్రీహర్షాదులవలన ధావకాదులు పొందిన ధనమును ఉదాహరించగా, ధావకుడే కర్తయనియు, కొన్ని ప్రతుల పాఠమును బట్టి బాణుడే కర్తయనియు వాదములు బయలుదేరినవి. మమ్మటుని మాట రాజు ఇచ్చిన సత్కారమును తెలుపునే గాని గ్రంథమును అమ్ముకొన్నట్లు తెలుపదు. క్రీ.శ. 671 మొదలు ఇరువదేండ్లకు పైగా స్వదేశమునకు దూరముగా సంచరించిన చైనా యాత్రికుడు ఈచింగు, జీమూతవాహనుని కథను హర్షుడు కూర్చి ప్రదర్శింపజేసినట్లు వ్రాసినాడు. మూడు కృతుల ప్రస్తావనలలోను కర్తృనామము ఒకటే. ఇంతకన్న గట్టి సాక్ష్యము ఆ కాలపు ఏ కవికి ఉన్నది?

రత్నావళి కథ పండితలోకమునకు కరతలామలకమే. సింహళరాజపుత్రిక నావ పగిలి, ఒక వర్తకునిచే రక్షింపబడి, సాగరికయను పేర వాసవదత్త పరిచారికయై ఉదయనుని అంతఃపురమున ఉన్నది. ఈ నాటికలో ప్రతి ప్రేమఘట్టము ఒక భ్రాంతినుండియే పుట్టును. వసంతోత్సవమున దేవి రాజును పూజించుచుండగా సాగరిక అతనిని సాక్షాత్తు మన్మథుడే అనుకొన్నది. మన్మథుడని చెప్పి ఆమె వ్రాసిన చిత్రమున సుసంగత రతిని చేర్చుటతో రహస్యము బట్టబయలైనది. ఆమె తాపమును రాజుకు వినిపించినది మనిషి గాదు, విన్న మాటలు వల్లించిన గోరువంక.

తృతీయాంకమున ఈ భ్రాంతి పరాకాష్ఠ నందుకొన్నది. సాగరిక వాసవదత్త వేషమున రావలసియున్నది. విషయము తెలిసిన దేవి స్వయముగా వచ్చినది. రాజు నిజమైన భార్యను చూచి, భార్య వేషమున ఉన్న ప్రియురాలనుకొని ప్రణయవాక్యములు పలికినాడు. తన రూపమున తానే నిలిచియుండగా తన అనుకరణముగా ఎంచబడిన స్త్రీ అవమానము ఇంతింత యనరానిది. ప్రేక్షకుడు నవ్వునప్పుడే ఆమె వంకకు తిరిగి నవ్వాపుకొనును. నాటిక మొత్తములో వేషము, నటన లేని అనురాగము ఆమెదే. కవి చక్రవర్తియై యుండియు రాజును ఇంతగా నగుబాటు చేయుట గమనింపదగినది. ప్రియదర్శికలోని గర్భనాటకమున కూడ ఉదయనుడు తన పాత్రను తానే ధరించి దేవి కన్నుల ఎదుటనే పట్టుబడినాడు.

చతుర్థాంకమున సాగరిక సంకెళ్లతో అంతఃపురమున బందీయై యున్నది. ఉజ్జయినినుండి వచ్చిన ఐంద్రజాలికుడు దేవతలను చూపి మెప్పించినాడు. కొంతసేపటికి అంతఃపురమునకు నిప్పంటుకొన్నదను కేక వినబడినది. తాను బంధించిన సాగరికను కాపాడుమని వేడుకొన్నది వాసవదత్తయే. రాజు మంటలలో దూకినాడు; వెనుకనే దేవి, విదూషకుడు, సింహళమంత్రి వసుభూతి మొదలగువారు దూకినారు. సంకెళ్లలోనున్న కన్యను రాజు పట్టుకొనునప్పటికి అగ్ని లేదు, భవనము చెక్కుచెదరలేదు. అంతయు యౌగంధరాయణుడు పన్నిన ఇంద్రజాలము. అంతకు ముందు వాసవదత్త లావాణకమున దగ్ధమైనదన్న వార్త పుట్టించి సింహళేశ్వరుని కన్యాదానమునకు ఒప్పించినదియు అతడే. మొదటిది కల్పిత దహనము, రెండవది మాయాదహనము. రెండింట ఎవ్వరును మరణింపలేదు.

నాటికలోని పాత్రలను కవి జీవితములోని వ్యక్తులతో జతపరచుట సమంజసము కాదు. ఉదయనకథ బృహత్కథా సంప్రదాయమునుండి వచ్చినది. భాసుని స్వప్నవాసవదత్తమునకు లావాణకదహనమే మూలము. అయినను సంకెళ్లు, చితి, చివరి క్షణమున చేరిన రక్షకుడు అను మూడును స్వయముగా చూచినవాడు ఈ అంకమును కూర్చినాడన్న విషయమును పాఠకుడు మరువజాలడు. సరస్వతీతీరమున మండిన అగ్ని ఇంద్రజాలము కాదు. రంగముపై మాత్రము అతడు అగ్నిని మాయగా నిలిపి, ఆ మాయాగ్నియందే నిజమును వెలికితెచ్చినాడు. మంటలను చూచిన క్షణమున వాసవదత్త అసూయ కరగినది. ఆమె కరుణ నిజము, రాజు సాహసము నిజము. మంట ఒక్కటే అబద్ధము. బందీ తన మేనమామ కూతురని తెలిసిన పిదప, ఆమె చేతిని రాజు చేతిలో పెట్టినదియు దేవియే.

అగ్ని అతనిని వార్ధక్యమున కూడ వదలలేదు. క్రీ.శ. 643లో కన్యాకుబ్జమున జరిపిన మహాసభ ముగింపున ఉన్నతమైన గోపురమునకు నిప్పంటుకొన్నట్లును, హర్షుడు ప్రార్థించి ముందుకురుకగా అది చల్లారినట్లును, వెనువెంటనే ఒకడు కత్తితో అతనిపై బడినట్లును హ్యూన్‌త్సాంగు వ్రాసినాడు. ఆ యాత్రికుని ధర్మప్రసంగములను రాజ్యశ్రీ అన్నగారి వెనుక కూర్చుండి వినెడిది. ఆ సంవత్సరమే ప్రయాగలో హర్షుడు కోశమునంతయు దానమిచ్చి, కట్టుకొనుటకు ఒక పాతవస్త్రమును ఆమెనే యాచించినాడు.

క్రీ.శ. 647 ప్రాంతమున అతడు మరణించినాడు. వారసుడు లేనందున సామ్రాజ్యము వెంటనే చెదరిపోయినది. ఒకటిన్నర శతాబ్ది గడచిన పిదప కాశ్మీరమున జయాపీడుని మంత్రి దామోదరగుప్తుడు రచించిన కుట్టనీమతములో రత్నావళి ప్రథమాంకపు ప్రదర్శన వర్ణింపబడినది.