మీర్ ఆలం చెరువు: 21 కమానుల బలం

హైదరాబాద్ జూకి వెళ్ళిన వాళ్ళందరూ పక్కనే ఉన్న మీర్ ఆలం చెరువును చూసే ఉంటారు. దాని ఆనకట్టను గమనించిన వాళ్ళు మాత్రం తక్కువ. అది తిన్నని గోడ కాదు. వరుసగా నిలబెట్టిన 21 అర్ధవృత్తాకారపు కమానులు!

దీన్ని కట్టించిన మీర్ ఆలం అసలు పేరు మీర్ అబుల్ కాసిం. తండ్రి ఇరాన్‌లోని షుష్టర్ నుంచి హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. మనకు గల్ఫ్ అవతల ఉన్న షుష్టర్, పురాతన ఆనకట్టలకూ కాలువలకూ పేరుపొందిన ఊరు. మీర్ ఆలం నిజాం తరఫున కలకత్తాలో రాయబారం నడిపారు. 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో నిజాం సేనలకు నాయకత్వం వహించారు. మరుసటి ఏడాదే పదవి పోయి నగరానికి దూరమయ్యారు. కుష్ఠువ్యాధి కూడా ఆయన్ని కుంగదీసింది. 1804లో సికందర్ జా పిలిచి దివాన్‌ని చేశారు. ఆ ఏడాదే చెరువు పని మొదలై 1806లో పూర్తయింది. శ్రీరంగపట్నంలో తన వాటాగా వచ్చిన సొమ్మునే ఇందుకు ఖర్చు పెట్టారని చెబుతారు. 1808లో కన్నుమూశారు.

ఇంతకీ సన్నని గోడ అంత నీటిని ఎలా ఆపుతుంది? ఇక్కడ వాడి కబీర్ వర్క్‌షాపుల్లో పనిచేసే వడ్రంగులకు తెలిసిన విషయమే. తేలికపాటి తలుపు లోపల ఉండేది తేనెపట్టులా మడిచిన అట్ట. ఒక్కో కాగితం గోడ విడిగా వంగిపోతుంది. పక్క గోడలతో అతుక్కుంటే వంగడానికి చోటుండదు. అందుకే అంత తేలికైన తలుపు అంత గట్టిగా ఉంటుంది.

మీర్ ఆలం ఆనకట్టలో సూత్రం అచ్చంగా అదే కాకపోయినా దగ్గరి చుట్టమే. కమాను ఉబ్బు నీటివైపు ఉంటుంది. నీరు నెట్టేకొద్దీ రాళ్ళు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. రాయీ సున్నమూ లాగితే విడిపోతాయి కానీ, నొక్కితే ఓర్చుకుంటాయి. రెండు కమానులు కలిసేచోట వాటి పక్కతోపులు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందువల్ల తక్కువ రాయితోనే పని జరిగింది.

1920లో ఉస్మాన్ సాగర్ వచ్చేదాకా నగరం ఎక్కువగా ఈ నీళ్ళే తాగింది. రెండు వందల ఏళ్ళు దాటినా కమానులు నిలిచే ఉన్నాయి. చెడింది నీళ్ళే. చుట్టూ పెరిగిన బస్తీల మురుగు అందులో కలిసింది. కట్టడం తన పని చేసింది, చెరువును కాపాడుకోవలసింది మనం. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు పిల్లలకి పులులతో పాటు ఆ గట్టు కూడా చూపించండి.