అఫ్జల్‌గంజ్ వైద్యశాలలో డాక్టర్ లారీ

పన్ను తీయించుకొనుటకు జంకి, లవంగం నొక్కిపెట్టి నెలలు గడిపేవారు మన అనంతగిరి పరిసరాలలో నేటికీ కలరు. ఆ జంకునకు ఒకప్పుడు గట్టి కారణమే ఉండేది. ఆ కారణాన్ని వెదకినవారిలో ఒకరు మన హైదరాబాదులోనే పనిచేశారని మా విద్యార్థి మిత్రులలో కొందరికి తెలియకపోవచ్చు.

1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాం వాడుక ప్రారంభించారు. కోత బాధ తప్పింది; కాని అప్పుడప్పుడు రోగి బల్లమీదనే ప్రాణం విడిచేవాడు. పెద్ద శస్త్రచికిత్సలలోనే కాదు, పన్ను తీసే స్వల్పకార్యంలోనూ ఈ విషాదం జరిగేది. ముందు ఆగేది గుండెయా, శ్వాసయా అన్నదే వివాదం.

ఎడింబరో సంప్రదాయంలో శిక్షణ పొందిన ఎడ్వర్డ్ లారీ 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాదు వచ్చి, వైద్య పాఠశాల బాధ్యత కూడా వహించారు. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు భయం లేదని ఆయన దృఢ విశ్వాసం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రోత్సాహంతో 1888లో క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. లండన్ వైద్యులు శంకించగా, నిజాం వేయి పౌన్లు ఇచ్చి 1889లో లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. వందలాది జంతువులపై పరీక్షలు జరిగాయి. లారీ మాటే నెగ్గింది. ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్జీ మత్తు వైద్యంలో పేరు గడించిన తొలి మహిళలలో ఒకరు.

అయితే 1911లో గుడ్‌మన్ లీవీ, క్లోరోఫాం మత్తు పలుచగా ఉన్నప్పుడే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగవచ్చునని నిరూపించారు. పన్ను తీసేటప్పుడు ఇచ్చేది తరచు ఆ పలుచని మత్తే! లారీ పట్టుదల ఆయనకు కీర్తినీ తెచ్చింది, పొరపాటునూ కప్పింది. శ్వాసను విడువక గమనించమన్న ఆయన బోధ మాత్రం వ్యర్థం కాలేదని మా అభిప్రాయం. 1915లో ఆయన మరణించారు.

నేడు పన్ను తీయుటకు చిగురులో సూదిమందు చాలును. అడ్డంగా మొలిచి పదేపదే వాచే జ్ఞానదంతం, ప్రమాదంలో విరిగిన దవడ, పుట్టుకతో చీలిన పెదవి, రెండు మూడు వారాలైనా మానని నోటిపుండు, గుట్కా వలన నోరు తెరుచుకోకపోవడం — వీటిని మాత్రం నోటి, ముఖ శస్త్రవైద్యునికి చూపవలసిందే. అన్నింటికీ కోత అవసరం కాదు. ఆ నిర్ణయం ఆయనదే. దవడ చికిత్సలో వైద్యునికి నోరు అడ్డులేకుండా, మత్తు వైద్యుడు తరచు ముక్కు ద్వారా గొట్టం వేసి శ్వాసను కాపాడుతాడు.

లారీ కాలపు వైద్యశాల 1908 మూసీ వరదలో దెబ్బతిన్నది. ఆ అఫ్జల్‌గంజ్‌లోనే తరువాత ఉస్మానియా ఆసుపత్రి, ప్రభుత్వ దంతవైద్య కళాశాల వెలిశాయి.